ఆపేసిన హిమాలయన్ 411 ఇప్పుడు తీసుకోవచ్చా? 2018 బీఎస్4 బండి, 43 వేలు తిరిగింది

మన్యం_దారి

అందరికీ నమస్కారం. సెకండ్ హ్యాండ్‌లో రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411 ఒకటి బేరానికి వచ్చింది. 2018 మొదట్లో రిజిస్టర్ అయిన బీఎస్4 (పొగ నిబంధనల్లో నాలుగో మెట్టు) బండి. ఫ్యూయల్ ఇంజెక్షన్ ఉంది, ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం లాక్ కాకుండా ఆపేది) లేదు. ఒకే ఓనరు, కర్ణాటక నంబరు. మీటరు మీద 43 వేల చిల్లర. స్టాక్ బండే, సైలెన్సర్ కూడా మార్చలేదు.

వాడకం పాడేరు, చింతపల్లి, లంబసింగి వైపు. వారానికి రెండు రోజులు మట్టి, రాళ్ళు, వానాకాలం వాగులు. మిగతా రోజులు తారు రోడ్డు. హైవే ఎక్కినా 80-90 దాటే పని లేదు.

షోరూములో "అది ఆగిపోయింది సార్, కొత్త హిమాలయన్ 450 తీసుకోండి" అని ఒకటే పాట. నాకు కావలసింది రైడ్ మోడ్లూ రంగుల స్క్రీనూ కాదు, ఊళ్ళో మెకానిక్ విప్పి బిగించగలిగే బండి. అయితే 2023లో ఆపేసిన మోడల్‌ని ఇంకో పదేళ్ళు నడపగలమా అన్నదే అనుమానం. కొనేముందు ఏమేం చూడాలి, కొన్నాక ముందుగా ఏం మార్చాలి, ఏ స్పేర్లు ఇప్పుడే కొని పెట్టుకోవాలి? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.

పానా_నంబర్_12

మన్యం దారి గారూ, 43 వేలు ఈ ఇంజన్‌కి పెద్ద లెక్క కాదు. కాకపోతే ఇలాంటి బండిని చూసేటప్పుడు చాలామంది ఇంజన్ దగ్గర అరగంట గడిపి, ఛాసీ దగ్గర అరనిమిషం కూడా ఆగరు. మీరు ముందు ఛాసీ, తర్వాత ఇంజన్ చూడండి.

పొద్దున్నే వెళ్ళండి. "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దు" అని ముందే చెప్పండి. వెళ్ళగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఇంకో రోజు వస్తానని చెప్పి వచ్చేయండి. వేడి ఇంజన్ చాలా దాస్తుంది.

సెంటర్ స్టాండ్ ఈ బండికి కంపెనీదే ఉంటుంది, దాని మీద ఎక్కించండి. వెనక ఒకరిని కూర్చోబెడితే ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. హ్యాండిల్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఎడమ నుంచి కుడికి బాగా నెమ్మదిగా తిప్పండి. సరిగ్గా మధ్యకు వచ్చేసరికి గుంటలో పడ్డట్టు చిన్నగా ఆగి కదిలితే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే చోట ఉండే బేరింగులు) పోయింది. ఈ మోడల్‌లో ఇది అందరికీ తెలిసిన జబ్బు. ఫ్యాక్టరీలో పెట్టే గ్రీజు తక్కువ, పైనుంచి నీళ్ళు దిగుతాయి. బండి ఎక్కువసేపు నేరుగానే నడుస్తుంది కాబట్టి దెబ్బలన్నీ ఒకే చోట తగిలి, బాల్స్ కప్పుల్లో గుంటలు చేస్తాయి. తర్వాత ఫోర్కు కాళ్ళ అడుగు భాగం పట్టుకుని ముందుకీ వెనక్కీ లాగండి. టక్ మంటే వదులుగా ఉన్నట్టు. ఈ జబ్బుకి భయపడి బండి వదులుకోవద్దు, బేరంలో తగ్గించమని అడగండి.

ఇప్పుడు ముందుభాగం కిందికి నొక్కించి వెనక చక్రం లేపండి. టైరుని కింద నుంచి పైకి మెల్లగా ఎత్తండి. షాకర్ కదలకముందే చక్రం కాస్త ఖాళీగా పైకి లేస్తే లింకేజీ అరిగింది. మోనోషాక్, అంటే వెనక ఉన్న ఒక్క షాకర్, దాని కింద ఉండే ఆ లింకేజీలో నీడిల్ బేరింగులు ఉంటాయి. బురద నీళ్ళు పోయి సన్నటి సూదులు తుప్పు పడతాయి. వాటర్ సర్వీసింగ్ పేరుతో ప్రెషర్ గన్ అక్కడే గురిపెట్టి కొడతారు, సగం ప్రాణం దానికే పోతుంది. అలాగే స్వింగ్‌ఆర్మ్‌ని పట్టుకుని పక్కలకు ఊపండి, అసలు కదలకూడదు.

టార్చి తీసి స్టీరింగ్ హెడ్ చుట్టూ ఉన్న వెల్డింగులు చూడండి. పెయింటు మీద సన్నటి వెంట్రుక లాంటి గీత, దాని అంచున తుప్పు రంగు కనిపిస్తే ఆ బండి వద్దు. తొలి విడత బండ్లలో ఫ్రేము పగుళ్ళ ఫిర్యాదులు వచ్చాయి. 2018 బండికి అంత భయం లేదు గానీ చూడటానికి ఖర్చేముంది? క్యారియర్ బిగించే చోట్లు కూడా చూడండి. పెట్టెల నిండా బరువు వేసుకుని గుంతల్లో తిరిగిన బండి అక్కడ దొరికిపోతుంది.

చక్రాల స్పోకులన్నిటినీ చిన్న పానాతో ఒక్కొక్కటిగా తట్టండి. టింగ్ మనాలి. డబ్ అన్నది వదులు. ముందు 21 అంగుళాల రిమ్ అంచు మీద వేలు జరుపుతూ పోతే సొట్టలు తెలుస్తాయి.

ఇక ఇంజన్. కీ వేయగానే ఇంజన్ బొమ్మ లైటు వెలగాలి, స్టార్ట్ అయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగకపోతే ఎవరో దాన్ని కావాలని పీకేశారని అర్థం. పైన టిక్ టిక్ మని టాపెట్ (వాల్వులు ఆడే) శబ్దం ఉంటుంది, ఉండాలి కూడా. కింద నుంచి బరువుగా కొట్టుకునే శబ్దం రాకూడదు. పది నిమిషాలు నడిచాక ఒక్కసారి యాక్సిలరేటర్ ఇచ్చి వదలండి. నీలం పొగ వస్తే రింగులో, వాల్వ్ సీళ్ళో. ఇంజన్ ఆపి కాసేపాగి, బండిని నిటారుగా నిలబెట్టి, సైట్ గ్లాసులో ఆయిల్ మట్టం చూడండి. కింద బాష్ ప్లేటు (ఇంజన్‌కి రాళ్ళు తగలకుండా ఉండే రేకు) ఉంది కదా, అది లీకుల్ని కప్పేస్తుంది. ప్లేటు మీద ఆయిల్ తడి ఉందేమో వంగి చూడాల్సిందే.

శబ్దం గురించి ఒక మాట. "టాపెట్ సౌండ్ వస్తోంది, బిగించండి" అని పోరుపెట్టే ఓనర్లు ఉంటారు. ఎగ్జాస్ట్ వాల్వ్‌కి సందు తగ్గిస్తే అది సీటు మీద పూర్తిగా కూర్చోదు. వేడి హెడ్‌లోకి దిగదు, వాల్వ్ అంచు కాలిపోతుంది. అంటే, మరీ నిశ్శబ్దంగా ఉన్న 411నే ఎక్కువ అనుమానించాలి. కొన్నాక మీరే చేయించండి: రాత్రంతా చల్లారిన ఇంజన్, కంప్రెషన్ స్ట్రోక్‌లో టీడీసీ (పిస్టన్ పై కొసకు చేరిన చోటు), రెండు రాకర్లూ వదులుగా ఆడాలి, అప్పుడు ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకులు). మాన్యువల్‌లో ఉన్న సందు పెట్టి, లాక్‌నట్ బిగించాక మళ్ళీ ఒకసారి కొలవాలి. బిగించేటప్పుడు స్క్రూ కూడా కాస్త తిరుగుతుంది. చాలామంది రెండోసారి కొలవరు.

గ్రీజు_చేతులు

పానా అన్న బండి సంగతి చెప్పిండు. నేను ఏ ఏడుది తీసుకోవాలో చెప్తా.

2016 మార్చిలో వచ్చింది కార్బొరేటర్ బండి, బీఎస్3. 2017 ఏప్రిల్ నుంచి బీఎస్3 అమ్మకాలు బంద్ గాబట్టి ఇంజెక్షన్‌ది వచ్చింది. 2018 రెండో సగంల ఏబీఎస్ చేరింది. 2020 జనవరిల బీఎస్6, వెనక ఏబీఎస్ ఆపే స్విచ్చి దాంట్లనే వచ్చింది. 2021ల ట్రిప్పర్ నావిగేషన్. 2023 నవంబర్ల 450 వచ్చి దీని కథ ముగిసింది. మట్టిల తిరిగేటోళ్ళు రెండిటి కోసం వెతుకుతరు: ఒకటి ఏబీఎస్ లేని బీఎస్4, అంటే నువ్వు చూసిన అసొంటిది. రెండోది స్విచ్చి ఉన్న బీఎస్6. మధ్యల 2018 చివరి నుంచి 2019 దాకా వచ్చిన ఏబీఎస్ బండ్లకు ఆపే స్విచ్చి లేదు. కంకర దిగుట్ల వెనక చక్రం లాక్ చేసి బండిని తిప్పుదామంటే కుదరది. తారు మీద తిరిగేటోళ్ళకు మాత్రం ఏబీఎస్ ఉన్నదే నయం.

450ని తిట్టి 411ని పొగుడుడు నాకు నచ్చదు. కాగితం మీద పోటీనే లేదు. అటు 452 సీసీ, 40 పీఎస్, ఆరు గేర్లు, నీళ్ళ కూలింగు. ఇటు 24.5 బీహెచ్‌పీ, అయిదు గేర్లు, గాలి-ఆయిల్ కూలింగు. అయినా 411 మీద జనానికి ఇంత ప్రేమ ఎందుకో బోరు (సిలిండర్ వెడల్పు), స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) చూస్తే సమజైతది. బోరు 78 మిల్లీమీటర్లు, స్ట్రోకు 86. పొడుగు స్ట్రోకు ఇంజన్, 32 న్యూటన్ మీటర్ల టార్కు 4000-4500 ఆర్‌పీఎం కాడనే అందుతది. 450ది 40 న్యూటన్ మీటర్లు గాని, దానికి 5500 దాకా తిప్పాలె. రాళ్ళ ఎక్కుడుల రెండో గేర్ల ఇరవైకి దిగినా 411 గింజుకోదు, క్లచ్ సగం పట్టుకొని నడిపే పని లేదు. క్లచ్ కాలది, చెయ్యి గుంజది. మలుపు మలుపుకు గేరు మార్చే తిప్పలు తక్కువ.

ఇంకోటి, రేడియేటర్ లేదు, నీళ్ళ పంపు లేదు, ఫ్యాను లేదు. పడ్డా లేపి నడపొచ్చంటరు. అది సగమే నిజం. ముంగట ఆయిల్ కూలర్ ఉంది, దానికి రాయి తగిలితే ఇంజన్ ఆయిలే కారిపోతది, నీళ్ళు కాదు. అది ఇంకా ప్రమాదం. వంద గ్రాముల జాలీ ముక్క బిగించుకో, అయిపోతది. వానకాలం తర్వాత కూలర్ రెక్కల మధ్యల బురద ఎండి గడ్డ కడతది. బ్రష్షు పెట్టి, మామూలు పైపు నీళ్ళతోని వెనక దిక్కు నుంచి ముంగటికి కడుగు. ప్రెషర్ గన్ కొడితే రెక్కలు పండుకుంటయ్.

దీనికి లేనివి గూడ చెప్పాలె. బ్రేకులు మెత్తగ ఉంటయ్. ముంగట 300 మిల్లీమీటర్ల డిస్క్ ఉన్నా కొరుకు తక్కువ. సింటర్డ్ ప్యాడ్లు పెట్టి, డాట్ 4 బ్రేక్ ఆయిల్ కొత్తది పోస్తే తేడా తెలుస్తది. బరువు 190 కిలోల పైన, ఇసుకల పడితే లేపుడు ఒక్కనితోని అయ్యే పని కాదు. 110 దాటినంక ఓవర్‌టేక్ మాట మరిచిపో.

మన్యం_దారి

చాలా థాంక్సండీ ఇద్దరికీ. చెప్పినట్టే పొద్దున్నే వెళ్ళి చూశాను. ఇంజన్ చల్లగానే ఉంది, రెండో సెల్ఫ్‌కి అందుకుంది, పొగ లేదు. హ్యాండిల్ మధ్యలో గుంట స్పష్టంగా ఉంది. లింకేజీలో కొంచెం ఆట ఉంది. వెనక చక్రంలో రెండు స్పోకులు డబ్ అన్నాయి. ఫ్రేము శుభ్రంగా ఉంది. పెట్రోల్ ట్యాంకు మూత తీసి టార్చి వేస్తే, నోటి చుట్టూ లోపల తుప్పు చార కనిపించింది, కింద మాత్రం మెరుస్తోంది. నాలుగు నెలలుగా నడపలేదట.

కోన్‌సెట్ పని మామూలు మెకానిక్ చేత చేయించవచ్చా? బాల్ టైపే వేయాలా, టేపర్ వేయాలా? ట్యాంకు సంగతి ఏం చేయాలి?

పానా_నంబర్_12

టేపర్ రోలర్ వేయండి. బాల్ అయితే బరువంతా చుక్క మీద పడుతుంది. రోలర్ అయితే గీత మీద పడుతుంది. గుంటలు పడటానికి చాలా కాలం పడుతుంది. పాత కప్పుల లోపలి, బయటి వ్యాసాలు వెర్నియర్‌తో కొలిచి, ఆ కొలతతో బేరింగు షాపుకి వెళ్ళండి. ఎత్తు కూడా కొలవడం మరవద్దు. ఎత్తులో తేడా వస్తే పై నట్టుకి మరలు చాలవు.

మామూలు మెకానిక్ చేయగలడు, మీరు పక్కనే నిలబడితే. ఎందుకంటే తప్పు జరిగే చోట్లు నాలుగే.

బండిని సెంటర్ స్టాండ్ వేసి, బాష్ ప్లేటు కింద చెక్క ముక్క పెట్టి జాకీతో ముందు భాగం లేపాలి. కాలిపర్ విప్పి తాడుతో కట్టాలి, గొట్టం మీద వేలాడదీయకూడదు. చక్రం, మడ్‌గార్డ్ తీసేయండి. ఫోర్కు కాళ్ళు పై ప్లేటుకి ఎంత పైకి పొడుచుకొచ్చాయో స్కేలుతో కొలిచి రాసుకోండి. మళ్ళీ ఎక్కించేటప్పుడు రెండూ అదే కొలతకు ఉండాలి, లేకపోతే బండి ఒక పక్కకు లాగుతుంది. ఈ బండిలో హెడ్‌లైటు ఫ్రేముకే బిగించి ఉంటుంది, హ్యాండిల్‌తో తిరగదు. కాబట్టి ముందు వైరింగ్ జోలికి పెద్దగా పోనక్కర్లేదు. హ్యాండిల్ క్లాంపులు విప్పి, కేబుళ్ళతో సహా ట్యాంకు మీద గుడ్డ వేసి పడుకోబెట్టండి.

ఫోర్కు కాళ్ళు కిందికి దించాక పై నట్టు, పై ప్లేటు, సర్దుబాటు నట్టు తీసి కింది ప్లేటుని స్టెమ్‌తో (హ్యాండిల్ తిరిగే ఇరుసు) సహా దించాలి. బాల్స్ రాలతాయి, కింద పళ్ళెం పెట్టండి.

మొదటి తప్పు ఇక్కడ: కప్పుల్ని ఒకే పక్క కొట్టి దించడం. పొడుగు పంచ్‌తో ఈ పక్క ఒక దెబ్బ, ఎదురు పక్క ఒక దెబ్బ, అలా సమంగా దిగాలి. వంకరగా దిగితే హెడ్ గొట్టం లోపల గీరుకుపోయి, కొత్త కప్పు వదులవుతుంది. రెండో తప్పు కొత్త కప్పుని నేరుగా సుత్తితో కొట్టడం. ముందురోజు రాత్రి వాటిని ఫ్రిజ్‌లో ఫ్రీజర్‌లో పెట్టండి, వెంట్రుకవాసి కుంచించుకుంటాయి. పాత కప్పుని తిరగేసి కొత్తదాని అంచు మీద ఆన్చి దాని మీద కొట్టాలి. రోలర్ దొర్లే ముఖానికి సుత్తి తగలకూడదు. పూర్తిగా కూర్చున్నప్పుడు దెబ్బ శబ్దం మారుతుంది, బోలుగా ఉన్నది గట్టిగా కణేల్ మంటుంది. ఆ శబ్దం కోసం చెవి పెట్టండి.

స్టెమ్ అడుగున ఉన్న పాత రింగు ఊడదు. గ్రైండర్‌తో ముప్పాతిక లోతు గాడి పెట్టి, చీసెల్‌తో ఒక్క దెబ్బ వేస్తే పగులుతుంది. గ్రైండర్ స్టెమ్‌ని తాకకూడదు, అది మూడో తప్పు. కింద కొత్త డస్ట్ సీల్ వేశాకే కొత్త బేరింగు ఎక్కించాలి. చాలామంది సీలు మరిచిపోయి మళ్ళీ విప్పుతారు, అప్పుడు ఆ బేరింగు పనికిరాదు.

గ్రీజు అంటే పైన పూత పూయడం కాదు. అరచేతిలో ముద్ద పెట్టుకుని, బేరింగు వెడల్పు అంచుని దానిలోకి నొక్కుతూ, అవతలి వైపు నుంచి గ్రీజు పురుగుల్లా బయటకు వచ్చేదాకా చుట్టూ కూరాలి. నీటికి ఆగే ఈపీ2 గ్రీజు వాడండి.

నాలుగో తప్పు బిగింపు. సర్దుబాటు నట్టుని ముందు గట్టిగా బిగించి, స్టెమ్‌ని ఆ చివర నుంచి ఈ చివరకు అయిదారు సార్లు తిప్పండి, రోలర్లు సర్దుకుంటాయి. తర్వాత పూర్తిగా వదులు చేసి, ఆట పోయేంత వరకే మళ్ళీ బిగించండి. అంతా ఎక్కించాక ముందు చక్రం గాల్లో ఉండగా, హ్యాండిల్‌ని మధ్య నుంచి కొంచెం పక్కకు వదిలితే తనంతట తాను ఆ పక్కకు పడిపోవాలి. మధ్యలో ఆగితే బిగువెక్కువ. అలా నడిపితే తక్కువ స్పీడులో బండి తాగినవాడిలా ఊగుతుంది, అప్పుడు అందరూ టైర్లని తిడతారు. 500 కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్ళీ సరిచూడండి.

ఫోర్కు కాళ్ళు ఎలాగూ బయటికి వచ్చాయి కాబట్టి ఆయిల్ సీళ్ళు, ఫోర్కు ఆయిల్ అప్పుడే మార్చేయండి. అదే రోజు లింకేజీ కూడా విప్పించండి. సూదులు నల్లబడి ఉంటే డీజిల్‌తో కడిగి గ్రీజు పెడితే సరిపోతుంది. ఎర్రగా తుప్పు పట్టి ఉంటే కొత్తవే.

గ్రీజు_చేతులు

ట్యాంకు సంగతి నేను చెప్తా. మూతి చుట్టే తుప్పు ఉండి అడుగు మెరుస్తుందంటే సగం ట్యాంకుతోని నిలబెట్టిండని అర్థం. ఖాళీ ఉన్నకాడ గాలిలోని తేమ పట్టింది. ఇప్పుడొచ్చే ఈ20 పెట్రోల్ల 20 శాతం ఇథనాల్, అది తేమను పీల్చుకుంటది. నిలవ ఉంటే నీళ్ళు అడుగుకు దిగుతయ్, పంపు అక్కడనే కూసుంటది.

పాత పెట్రోల్ మొత్తం తీసి, తెల్ల గాజు సీసల పోసి ఒక గంట ఆగి చూడు. అడుగున వేరే పొర, ఎర్ర రజను కనిపిస్తే పంపు అసెంబ్లీ బయటకు తీసి, జాలీ ఫిల్టర్ మార్చాలె. తుప్పు పైపైన ఉంటే గుడ్డతోని తుడిస్తే పోతది. యాసిడ్ పోసి కడిగే తెలివి ఎవడన్నా చెప్తే వినకు, లోపలి పూత లేచిపోయి ఏడాదిల ట్యాంకు మొత్తం ఎర్రగైతది. పంపు నుంచి ఇంజెక్టర్‌కు పోయే గొట్టం ప్రెషర్ మీద ఉంటది. మార్చాల్సొస్తే 30ఆర్9 గ్రేడుదే తీసుకో. కార్బొరేటర్ గొట్టం ముక్క వేస్తే పగిలి వేడి ఇంజన్ మీద కారుతది. నిలబెట్టేటప్పుడు ట్యాంకు నిండ పోసి పెట్టు, 15 లీటర్లు.

ఇంపల్స్_బాధితుడు

స్పేర్ల గురించి అడిగారు కదా, పేరు చూసే ఉంటారు, ఈ ప్రశ్న మా వాళ్ళది.

2011లో వచ్చిన హీరో ఇంపల్స్ ఎన్నాళ్ళో నిలవలేదు. 149.2 సీసీ, 134 కిలోలు, 245 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్. మట్టి రోడ్డుకి అలాంటి తేలిక బండి మన దేశంలో అప్పట్లో ఇంకోటి లేదు. ఈరోజుకీ దాన్ని వదలని వాళ్ళు ఉన్నారు. వాళ్ళని అడగండి ఏం దొరకదో. ఇంజన్ సామాను దొరుకుతుంది, ఎందుకంటే అది హంక్, సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్ ఇంజన్ కుటుంబమే. పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, గ్యాస్కెట్లు ఏ ఊళ్ళోనైనా ఉంటాయి. ఏడిపించేది ప్లాస్టిక్కు. సైడు ప్యానెళ్ళు, హెడ్‌లైటు తొడుగు, ముందు ముక్కు, సీటు, మీటరు, తాళాల సెట్టు. ఆ బండికి తప్ప ఇంకే బండికీ సరిపోని వస్తువులే ముందు మాయమవుతాయి. ఆగిపోయిన ఏ బండికైనా ఇదే లెక్క.

411కి ఈ లెక్క వేస్తే మీ పరిస్థితి చాలా నయం. 2022లో వచ్చిన స్క్రామ్ 411లో ఇదే ఇంజన్. అందులో ముందు చక్రం 19 అంగుళాలు, దీనిది 21. చక్రం, హెడ్‌లైటు బిగింపు లాంటివి కలవవు గానీ ఇంజన్ లోపలి సామానుకి ఇబ్బంది లేదు. 2025లో వచ్చిన స్క్రామ్ 440 ఇంజన్ కూడా దీన్నుంచి పెరిగినదే, 86 స్ట్రోకు అలాగే ఉంచి బోరు 81కి పెంచారు. కానీ పిస్టన్, సిలిండర్ వేరు, గేర్లు ఆరు. "440ది వేసేయొచ్చు" అని ఎవరైనా అంటే పార్ట్ నంబరు సరిచూడకుండా డబ్బు కట్టకండి.

కాబట్టి పిస్టన్లు కొని బీరువాలో పెట్టుకోవద్దు. కొనాల్సినవి ఇవి: మీటరు క్లస్టర్ ఒకటి (లోపల ఆవిరి పట్టి పాడవడం దీనికి మామూలే), తాళాల సెట్టు, ఎడమ కుడి హ్యాండిల్ స్విచ్చులు, వైరింగ్ హార్నెస్, రెండు సైడు ప్యానెళ్ళు, సైడు స్టాండు స్విచ్చి. సైడు స్టాండు స్విచ్చి బురదలో తడిసి తప్పుడు సిగ్నల్ ఇస్తే గేరు వేయగానే ఇంజన్ ఆగిపోతుంది, మెకానిక్ ఇంజెక్టర్ విప్పి కూర్చుంటాడు. ముందు ఆ స్విచ్చి కనెక్టర్ శుభ్రం చేయమనండి.

రబ్బరు సామాను మాత్రం పోగు చేయకండి. ఆయిల్ సీళ్ళు, కుష్ రబ్బర్లు, గొట్టాలు అల్మారాలోనే ముసలివైపోతాయి. చక్రాల బేరింగుల పక్కన నంబరు చెక్కి ఉంటుంది, అదే నంబరు చివర 2ఆర్ఎస్ అని ఉన్న సీల్డు రకం అడగండి, బయటి షాపులో దొరుకుతుంది.

కరిజ్మా 223 సీసీ ఇంజన్‌ని ఇంపల్స్‌లో ఎక్కించడం మా దగ్గర పాత ముచ్చట. బ్రహ్మాండంగా నడుస్తుంది, కాగితాల్లో దొరికిపోతుంది. బండిలో మార్పుల గురించి చెప్పే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చూసుకోకుండా చేసినవాళ్ళు ఇప్పుడు బండి అమ్ముకోలేకపోతున్నారు. 411కి కూడా బోర్ కిట్ల (సిలిండర్ పెద్దది చేసే సామాను) పిచ్చి ఉంది, ఆ దారి పట్టకండి.

కాగితాల_పులి

బండి అంతా చెప్పారు, కాగితాలు ఎవరూ ముట్టుకోలేదు. కర్ణాటక నంబరు కాబట్టి అక్కడి ఆర్టీఓ నుంచి ఫారం 28 మీద ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) రావాలి, అది రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. ఫారం 29, 30 మీద అమ్మేవారి సంతకాలు. ఫైనాన్సు ఉండి ఉంటే ఫారం 35. ఆర్‌సీలో హైపోథికేషన్ (బండి మీద అప్పు) లైను కొట్టేశారో లేదో రవాణా శాఖ పరివాహన్ వెబ్‌సైటులో చూడండి. చలాన్లు కూడా అక్కడే. ఛాసీ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ఆర్‌సీతో పోల్చండి. ఏపీలో లైఫ్ టాక్స్ మళ్ళీ కట్టాలి, బండి వయసుని బట్టి తగ్గుతుంది. ఆ మొత్తం కలుపుకుని బేరమాడండి. కట్టాక కర్ణాటకలో టాక్స్ వాపసుకి దరఖాస్తు పెట్టమని పాత ఓనరుని అడగవచ్చు. ఇన్సూరెన్సు మీ పేరుకి మారడానికి బదిలీ అయిన 14 రోజుల్లో కంపెనీకి రాయాలి.

మన్యం_దారి

ఎన్‌ఓసీకి అప్లై చేయించాను. కోన్‌సెట్, లింకేజీ, టైర్లు, చైన్ సెట్టు కలిపి ధర తగ్గించారు. చివరగా రెండు ప్రశ్నలు. ముందు స్ప్రాకెట్ 14 పళ్ళది వేస్తే ఎక్కుడులో లాభమా? చింతపల్లి దాటాక పంచరైతే ఏం పెట్టుకుని తిరగాలి?

పానా_నంబర్_12

కంపెనీది ముందు 15 పళ్ళు, వెనక 38. ముందు 14 వేస్తే లాగుడు ఏడు శాతం పెరుగుతుంది, అదే లెక్కన ప్రతి గేర్లోనూ స్పీడు తగ్గుతుంది. 90 దగ్గర ఇంజన్ అరుపు మీకే విసుగొస్తుంది. ఈ ఇంజన్‌కి కింద ఉన్న టార్కుతో ఆ అవసరం లేదు. పైగా చిన్న స్ప్రాకెట్ మీద చైను ఎక్కువ వంగి త్వరగా అరుగుతుంది. 15తోనే ఉండండి. చైను బిగువు మాత్రం మీరు సీటు మీద కూర్చున్నప్పుడు ఇంకొకరి చేత చూపించండి. స్టాండు మీద సరిగ్గా ఉన్న చైను, వెనక దిగినప్పుడు తీగలా బిగిస్తుంది. దాంతో గేర్‌బాక్స్ బేరింగు పోతుంది.

పంచరుకి: 21 అంగుళాల ట్యూబు ఒక్కటి చాలు. ముందు చక్రానికి అదే, వెనక 17లో కూడా కాస్త మడతలతో ఇమిడి ఊరు చేరుస్తుంది. ఊరు చేరగానే మార్చేయాలి. మూడు టైర్ లివర్లు, వాల్వ్ పిన్ను తీసే కీ, చిన్న పంపు, సబ్బు ముక్క, టాల్కం పౌడరు. టైరు అంచుని ఒక పక్క రిమ్ మధ్య గాడిలోకి మోకాలితో తొక్కి పట్టుకుంటేనే ఎదురు పక్క లివర్‌కి లొంగుతుంది, బలం పెట్టి లాగితే ట్యూబు చీలుతుంది. ట్యూబులో కొంచెం గాలి కొట్టి గుండ్రంగా చేశాకే లోపల పెట్టండి. తారు మీద ముందు 25, వెనక 32 పీఎస్ఐ. బురదలో ముందు 20కి దించుకోవచ్చు, అంతకన్నా దించితే రాయి తగిలినప్పుడు రిమ్‌కీ రాయికీ మధ్య ట్యూబు నలిగి, పాము కరిచినట్టు రెండు చిల్లులు పడతాయి.

గ్రీజు_చేతులు

ఆఖరికి ఒక్క మాట తమ్మీ. మీటర్ల ఉన్న కంపాస్‌ను నమ్మకు. అది ఉత్తరం అన్న దిక్కుకు పోతే లంబసింగికి పోవాల్సినోడివి సీలేరుల తేలుతవ్. మైదానంల రెండు మూడు గుండ్రాలు తిప్పి సెట్ చేస్తే ఒక పూట బుద్ధిగ చెప్తది, మర్నాడు మళ్ళ దాని ఇష్టం. స్పేర్ల లిస్టుల మీటరు ఉందిగద, కొత్తదాంట్ల గూడ గిదే కత.